ఫిజీ ఎక్కువా, మారిషస్ ఎక్కువా: ప్రాథమిక విద్య ఖర్చును పక్కపక్కన పెట్టే ముందు

కావలి నుంచి ఒక ఎం.ఏ. ఎకనామిక్స్ విద్యార్థి ప్రశ్న ఇది: "ప్రాజెక్టుకు ఫిజీ, మారిషస్ తీసుకున్నాను. రెండూ చిన్న దేశాలే, రెండు చోట్లా మన తెలుగువాళ్ల సంతతి ఉంది. ప్రపంచ బ్యాంకు పట్టికలో జీడీపీలో విద్య వాటా ఏ దేశానికి ఎక్కువ కనిపిస్తే ఆ దేశం ప్రాథమిక విద్యకు ఎక్కువ ఖర్చు పెడుతోందని రాసేయవచ్చా? లేకపోతే లెక్క ఎలా కట్టాలి?"

రాసేయకూడదండీ. ఆ ఒక్క అంకెలో కనీసం నాలుగు తేడాలు కలిసిపోయి ఉంటాయి. ప్రాథమిక విద్య ఏ తరగతి దాకా, బడ్జెట్ సంవత్సరం ఎప్పటినుంచి ఎప్పటిదాకా, బడి ఎవరిది, డబ్బు ఏ శాఖ పద్దులో ఉంది అనేవి రెండు దేశాల్లోనూ వేరు వేరు. వాటిని సరిచేసే ముందు ఎక్కువ తక్కువల మాట ఎత్తకండి.

ముందు సైజులు మనసులో పెట్టుకుంటే మంచిది. మారిషస్ జనాభా సుమారు 12.6 లక్షలు, ఫిజీది సుమారు 9 లక్షలు. రెండూ కలిపినా 2011 లెక్కల్లోని నెల్లూరు జిల్లా (29.6 లక్షలు) కన్నా తక్కువే. విస్తీర్ణం చూస్తే మాత్రం ఫిజీ 18 వేల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, అంటే విడగొట్టక ముందున్న ప్రకాశం జిల్లాకు కాస్త పైన. అదీ 300కు పైగా దీవుల్లో చెదిరి ఉంది, వాటిలో జనం ఉండేవి నూరు చుట్టుపక్కల. మారిషస్ అంతా కలిపి 2,040 చదరపు కిలోమీటర్లు. ఖర్చులో వచ్చే తేడాల్లో సగం ఇక్కడినుంచే మొదలవుతాయి.

ఇక ప్రాథమిక విద్య ఎక్కడ ఆగుతుందో చూడండి. మారిషస్‌లో గ్రేడ్ 1 నుంచి 6 దాకా. ఫిజీలో ఎక్కువ ప్రాథమిక బడులు ఇయర్ 1 నుంచి 8 దాకా నడుస్తాయి. కానీ యునెస్కో గణాంక సంస్థ అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం ఫిజీలో మొదటి ఆరేళ్లనే ప్రాథమికంగా, 7, 8లను దిగువ సెకండరీగా లెక్కవేస్తుంది. మన అప్పర్ ప్రైమరీ బడిలో ఆరో తరగతి పిల్లలు అదే ఆవరణలో కూర్చుని ఉన్నా కొన్ని లెక్కల్లో ప్రాథమికంలోకి రారు కదా, అలాంటిదే ఇది.

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఊహా లెక్క ఒకటి చూడండి, అంకెలు తేలిక కోసం వేసుకున్నవి. ఫిజీ బడ్జెట్ పుస్తకంలో ప్రాథమిక బడుల ఖర్చు 20 కోట్ల ఫిజీ డాలర్లు ఉందనుకుందాం. అది ఎనిమిది తరగతులదీ. ఆ ఎనిమిది తరగతుల పిల్లలు 1,60,000 మంది అయితే తలకు 1,250 డాలర్లు. ఇప్పుడు పిల్లల సంఖ్యను మాత్రం యునెస్కో పట్టికనుంచి తెచ్చామనుకోండి. అక్కడ ఆరు తరగతులే ఉంటాయి కాబట్టి 1,25,000 మంది కనిపిస్తారు. 20 కోట్లను దానితో భాగిస్తే 1,600 వస్తుంది. ఒక్క డాలరు అదనంగా ఖర్చు కాకుండానే 28 శాతం పెరిగిపోయింది. లవం ఒక పుస్తకంనుంచి, హారం ఇంకో పుస్తకంనుంచి తేవడమే తప్పు. రెండూ ఎనిమిది తరగతులకైనా ఉండాలి, రెండూ ఆరు తరగతులకైనా ఉండాలి.

ఇంకో సంగతి గమనించండి. 7, 8 తరగతుల ఖర్చును పిల్లల నిష్పత్తిలో తీసేస్తే తలసరి అంకె 1,250 దగ్గరే ఉంటుంది, కదలదు. జీడీపీలో శాతం మాత్రం 20 కోట్లనుంచి 15.6 కోట్లకు పడిపోయినంత మారుతుంది. అందుకే ఇలాంటి పోలికకు జీడీపీ వాటాను ముందు నిలబెట్టకండి. ఒక్కో విద్యార్థికి పెట్టే ఖర్చు, అదీ తలసరి జీడీపీలో ఎంత శాతం అన్నదే ప్రధాన కొలమానంగా పెట్టుకోండి. జీడీపీ వాటా ఉపపట్టికలో ఉంటే చాలు.

హారం గురించే ఇంకో గోతి ఉంది, ఇది ఫిజీకే ప్రత్యేకం. అక్కడ ప్రభుత్వమే నేరుగా నడిపే ప్రాథమిక బడులు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. మిగతావన్నీ ఊరి కమిటీలవి, చర్చిలవి, సంఘాలవి. 1926లో పుట్టిన దక్షిణ భారత సంతతివాళ్ల సంస్థ తెన్ ఇండియా సన్మార్గ ఐక్య సంగం నడిపే బడులు కూడా వీటిలోవే. అయితే టీచర్ల జీతం ప్రభుత్వానిదే. 2014లో ఉచిత విద్య గ్రాంటు మొదలయ్యాక విద్యార్థుల సంఖ్యను బట్టి బడికి నేరుగా డబ్బు చేరుతోంది. అంతర్జాతీయ పట్టికలు యాజమాన్యాన్ని చూస్తాయి గనుక ఫిజీ ప్రాథమిక విద్యార్థులు దాదాపు అందరూ 'ప్రైవేటు' గడిలో పడతారు. మారిషస్‌కు 'ప్రభుత్వ బడుల పిల్లలు' అన్న ఫిల్టర్ పెట్టి, అదే ఫిల్టర్ ఫిజీకి కూడా పెట్టారంటే హారం సున్నా దగ్గరికి వెళ్తుంది, తలసరి ఖర్చు ఆకాశానికి అంటుతుంది. మన ఎయిడెడ్ బడులనుకోండి, యాజమాన్యం ఒకరిది, జీతం సర్కారుది. మారిషస్‌లోనూ రోమన్ క్యాథలిక్ ఎడ్యుకేషన్ అథారిటీ, హిందూ ఎడ్యుకేషన్ అథారిటీ కింద ఇలాంటి ఎయిడెడ్ ప్రాథమిక బడులున్నాయి. వాటితోపాటు ఫీజు కట్టే అసలైన ప్రైవేటు బడులు కూడా ఉన్నాయి. కాబట్టి 'ప్రభుత్వ', 'ప్రైవేటు' అనే విభజన వదిలేసి, 'ప్రభుత్వ డబ్బు ముట్టే బడి', 'ముట్టని బడి' అని విడదీయండి. మొదటి రకం పిల్లల్నే హారంలో పెట్టండి. ప్రపంచ బ్యాంకు సూచిక అన్ని బడుల పిల్లల్నీ కలిపి భాగిస్తుంది, కనుక మీ అంకె దానితో సరిగ్గా కలవదు. కలవలేదని కంగారుపడకండి, ఎందుకు కలవలేదో పట్టిక కింద ఒక వాక్యం రాయండి చాలు.

సంవత్సరాల సంగతి. మన ఏప్రిల్–మార్చి అలవాటు రెండు చోట్లా లేదు. మారిషస్ బడ్జెట్ జులై నుంచి జూన్ దాకా. మధ్యలో 2010 నుంచి 2014 దాకా క్యాలెండర్ సంవత్సరానికి మారి, 2015లో మళ్లీ వెనక్కి వచ్చింది. అందువల్ల 2009 చివర ఒకటి, 2015 మొదట్లో ఒకటి, ఆరు నెలల బడ్జెట్లు రెండు కనిపిస్తాయి. గ్రాఫు గీస్తే ఆ చోట్ల గుంట పడుతుంది, దాన్ని 'కోత' అని రాసేయకండి. ఫిజీ 2016 దాకా క్యాలెండర్ సంవత్సరం పాటించి, ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి ఆగస్టు–జులైకి మారింది. ఫిజీ 2016 అంకె మొత్తం పన్నెండు నెలలదా, ఏడు నెలలదా చూసుకోకుండా వాడకండి.

రెండు దేశాల బడుల్లోనూ చదువు మామూలుగా జనవరిలో మొదలవుతుంది గనుక అంతా క్యాలెండర్ సంవత్సరానికి మార్చుకోవడం మేలు. మారిషస్‌కు వెనకటి బడ్జెట్‌లో సగం, తర్వాతి దానిలో సగం కలపాలి. ఫిజీకి 2023 కావాలంటే 2022–23లో 12కు 7 వంతులు (జనవరి నుంచి జులై), 2023–24లో 12కు 5 వంతులు. ఉదాహరణకు మొదటిది 18 కోట్లు, రెండోది 21.6 కోట్లు అయితే 10.5, 9 కలిపి 19.5 కోట్లు. ఫార్ములా గడిలో పెట్టి కిందికి లాగేటప్పుడు 7, 5 తిరగబడకుండా చూసుకోండి, తిరగబడితే 20.1 వస్తుంది, చూస్తే తప్పని అనిపించదు కూడా. కోవిడ్ రోజుల్లో మారిషస్ విద్యా సంవత్సరమే క్యాలెండర్ దాటి సాగింది కాబట్టి ఆ రెండేళ్లు విడిగా గుర్తుపెట్టండి.

కోవిడ్ మాట వచ్చింది కాబట్టి జీడీపీ శాతాన్ని ఎందుకు నమ్మొద్దంటున్నానో ఇంకో కారణం. 2020లో ఫిజీ జీడీపీ 17 శాతం, మారిషస్ జీడీపీ 14 శాతానికి పైగా కుంగాయి. రెండూ పర్యాటకం మీద బతికే దేశాలు, విమానాలు ఆగాయి. టీచర్ల జీతాలు మాత్రం ఆగవు. జీడీపీ 100, విద్య 5 అయితే 5 శాతం. అదే 5 ఉండి జీడీపీ 83కు దిగితే 6 శాతం దాటుతుంది. పట్టికలో 'విద్యకు ప్రాధాన్యం పెరిగింది' అన్నట్టు కనిపిస్తుంది, నిజానికి పెరిగిందేమీ లేదు. కనీసం మూడేళ్ల సగటు తీసుకోండి, 2020, 2021లను అందులో కలపకండి.

ఇప్పుడు పద్దులు. మన రాష్ట్ర బడ్జెట్ చదివిన వాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సాధారణ విద్య 2202 మేజర్ హెడ్, అందులో ఎలిమెంటరీ 01. కానీ రిటైరైన టీచర్ల పింఛన్లు 2071లో, బడి భవనాల పెట్టుబడి 4202లో ఉంటాయి. 2202 ఒక్కటే చూసి 'రాష్ట్రం విద్యకు ఇంత పెడుతోంది' అంటే సగం కథే. ఆ రెండు దేశాల్లోనూ ఇదే తంతు.

మారిషస్‌లో రిటైరైన ప్రభుత్వోద్యోగుల పింఛన్లు విద్యా శాఖలో కాక ఉమ్మడి పద్దులో ఉంటాయి. 2013 జనవరి నుంచి చేరినవారికి చందా పద్ధతి, మన సీపీఎస్ లాంటిదనుకోండి. ఫిజీ టీచర్లకు నేషనల్ ప్రావిడెంట్ ఫండ్ ఉంది, యజమానిగా ప్రభుత్వం ఏటా వాటా కడుతుంది. కాబట్టి ఫిజీలో రేపటి పింఛను ఖర్చు ఈ ఏటి లెక్కలో చాలామటుకు కనిపిస్తుంది, మారిషస్‌లో పాత టీచర్లకు కనిపించదు. రెండింటినీ సమం చేయాలంటే మారిషస్ జీతాల మీద ఏదో ఒక శాతం వేసి కలపాలి. ఎంత వేసినా వాదన వస్తుంది. అందుకని పింఛను లేకుండా ఒకటి, 15 శాతం వేసి ఒకటి, రెండు అంకెలూ ఇవ్వండి. ఏది సరైందన్న పంచాయతీ పెట్టుకోవద్దు.

ఫిజీ బడ్జెట్ పుస్తకంలో ఖర్చును ప్రామాణిక వ్యయ సమూహాలుగా విడగొడతారు. 1 శాశ్వత సిబ్బంది, 2 రోజువారీ వేతన సిబ్బంది, 6 నిర్వహణ గ్రాంట్లు, 8 నిర్మాణం, 10 మూలధన గ్రాంట్లు. చివరన 13 అని వ్యాట్ విడిగా ఉంటుంది. 1 నుంచి 10 దాకా కూడి ఆగిపోయేవాళ్లు ఎక్కువ. ప్రభుత్వం కొనే సామానుకు కట్టే పన్ను కూడా ఖర్చే, మారిషస్ అంకెల్లో అది విడిగా ఉండదు కాబట్టి ఫిజీలో 13ని కలపాలి. ప్రాథమిక విద్యలో జీతాలదే సింహభాగం కనుక దీనివల్ల వచ్చే తేడా చిన్నదే, అయినా వదిలేయడానికి కారణం లేదు. బడులకు వెళ్లే ఉచిత విద్య గ్రాంటు 6లో ఉంటుంది, జీతాలతో సమానంగా చూడండి.

8, 10 మాత్రం పక్కన పెట్టండి. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను ఫిజీని తుడిచిపెట్టింది, వందల బడులు దెబ్బతిన్నాయి. తర్వాతి రెండు మూడేళ్ల పునర్నిర్మాణం ఖర్చును 'విద్య మీద పెట్టుబడి' అని మారిషస్ పక్కన పెడితే తుపానుకు మార్కులు వేసినట్టవుతుంది. నడిపే ఖర్చు ఒక పట్టిక, కట్టే ఖర్చు ఐదేళ్ల సగటుతో ఇంకో పట్టిక. విదేశీ సాయంతో నేరుగా కట్టించిన గదులు బడ్జెట్‌లోకి రాకపోవచ్చు, వాటిని వెతికి కలపడం ఎం.ఏ. ప్రాజెక్టుకు అక్కర్లేని శ్రమ.

మారిషస్ వైపు వదిలేయకూడనిది ఆ దేశంలోనే భాగమైన రోడ్రిగ్స్ దీవి. దానికి సొంత ప్రాంతీయ అసెంబ్లీ ఉంది, కేంద్ర బడ్జెట్‌లో దాని డబ్బు విడి పద్దుగా కనిపిస్తుంది. పిల్లల సంఖ్యలో రోడ్రిగ్స్ ఉండి, ఖర్చులో లేకపోతే మారిషస్ తలసరి తగ్గి కనిపిస్తుంది. విద్యార్థుల పట్టిక 'మారిషస్ దీవి'దా, 'మారిషస్ రిపబ్లిక్'దా అన్నది తలకట్టులోనే ఉంటుంది, చూడండి. మన దగ్గర 2022 ఏప్రిల్‌లో కందుకూరు ప్రకాశంనుంచి నెల్లూరుకు, గూడూరు, సూళ్లూరుపేట నెల్లూరునుంచి తిరుపతికి మారాక జిల్లా అంకెలు ముందూ వెనకా పోల్చబోయి ఎంతమంది బోర్లాపడ్డారో తెలిసిందే. హద్దు ఒకటే, ఖర్చు ఒకటే, పిల్లలు ఒకటే కావాలి.

బస్సు, భోజనం లాంటివి క్లుప్తంగా. ప్రభుత్వ విధుల వర్గీకరణలో (ఏ పనికి ఎంత ఖర్చయిందో చూపే అంతర్జాతీయ పద్ధతి) రవాణా, భోజనం, వసతి 'విద్యకు అనుబంధ సేవలు' అనే వేరే గడిలో పడతాయి. మారిషస్ 2005 నుంచి విద్యార్థులకు బస్సు ఉచితం చేసింది, ఆ డబ్బుకోసం రవాణా పద్దులోకి కూడా తొంగిచూడాలి. ఫిజీలో 2023 నుంచి తక్కువ ఆదాయ కుటుంబాలకు బడి తెరిచే ముందు పిల్లకు 200 ఫిజీ డాలర్ల సాయం ఇస్తున్నారు. మన తల్లికి వందనం లాంటిదే, డబ్బు బడికి కాక ఇంటికి వెళ్తుంది. దాన్ని బడి నడిపే ఖర్చులో కలిపితే గదిలో సుద్దముక్క కూడా పెరగకుండా తలసరి పెరుగుతుంది, పూర్తిగా వదిలేస్తే ప్రభుత్వం చేసిన ఖర్చును దాచినట్టవుతుంది. 'కుటుంబాలకు బదిలీ' అని విడి వరుసలో పెట్టండి. అదే వర్గీకరణలో పూర్వ ప్రాథమికం, ప్రాథమికం ఒకే గడిలో కలిసి ఉంటాయన్నది కూడా మరవకండి. మారిషస్ 2024 జనవరి నుంచి పూర్వ ప్రాథమికాన్ని ఉచితం చేసింది. ఆ ఏడాది ఆ గడి ఉబ్బితే, గ్రేడ్ 1కి ఏదో ఒరిగిందని కాదు.

ఇన్ని సరిచేశాక కూడా తేడా మిగులుతుంది. అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పగలిగితేనే ప్రాజెక్టుకు విలువ. దానికి ఒక చిన్న సూత్రం ఉంది. టీచరు సగటు జీతం తలసరి జీడీపీకి ఎన్ని రెట్లో చూసి, దాన్ని ఒక్కో టీచరుకున్న పిల్లల సంఖ్యతో భాగించి, మళ్లీ మొత్తం ఖర్చులో జీతాల వాటాతో భాగించండి. వచ్చేది ఒక్కో విద్యార్థికి పెట్టే ఖర్చు తలసరి జీడీపీలో ఎంత శాతం అన్నది. జీతం రెండు రెట్లు, టీచరుకు 20 మంది, జీతాల వాటా 80 శాతం అయితే, 2ను 20తో భాగిస్తే 0.10, దాన్ని 0.8తో భాగిస్తే 12.5 శాతం. మిగతావన్నీ అలాగే ఉండి పిల్లలు 15కు తగ్గితే 16.7 శాతం. జీతం పెరగలేదు, పుస్తకం పెరగలేదు, పిల్లలు తగ్గారు అంతే.

మారిషస్‌లో సరిగ్గా ఇదే జరుగుతోంది. జననాలు తగ్గి ప్రాథమిక బడుల్లో పిల్లలు ఏటేటా తగ్గుతున్నారు, టీచర్లు అదే వేగంతో తగ్గరు. దానికి తోడు భాషలు. తరగతి టీచరుతో పాటు హిందీ, తెలుగు, తమిళం, ఉర్దూ, మరాఠీ లాంటివాటికి విడివిడిగా టీచర్లుంటారు, 2012 నుంచి అక్కడి వాడుక భాష క్రియోల్ కూడా ఐచ్ఛికంగా చేరింది. భాష గంట కొట్టగానే ఒక తరగతి నాలుగైదు ముక్కలవుతుంది. ఒక గదిలో 15 మంది, పక్క గదిలో నలుగురు. ఆ నలుగురి ముందు నిలబడ్డ తెలుగు టీచరుకూ పూర్తి జీతమే. ఇది దుబారా అని కొందరు రాస్తారు. ఆ దేశం తెలిసే పెట్టుకున్న ఖర్చు అది, ఖరీదు ఇంత అని చూపించి వదిలేయడమే విశ్లేషకుడి పని అని నా అభిప్రాయం. ఆసియా భాషల పాఠ్యపుస్తకాల పని మోకా అనే ఊరిలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్ చూస్తుంది, ఆ సంస్థ గ్రాంటులో కొంత ప్రాథమికానిదే. విడదీయలేకపోతే కలపకండి, కింద చెప్పండి.

ఫిజీలో ఖర్చును పెంచేది భాష కాదు, సముద్రం. మారిషస్‌లో ప్రాథమిక బడులు 300 పైచిలుకు, జనాభా అంతకన్నా తక్కువున్న ఫిజీలో 700 పైచిలుకు. ఉదయగిరి మెట్టలో పన్నెండుమంది పిల్లలున్న ఊరి బడినీ, నెల్లూరు టౌనులో ముప్పైమంది ఉన్న సెక్షన్నూ తీసుకోండి. టీచరు జీతం నెలకు 60,000 అనుకుంటే ఏడాదికి 7.2 లక్షలు. ఊరిలో తలకు 60,000, టౌనులో 24,000. మెట్ట ఊరి పిల్లలకు ప్రభుత్వం రెండున్నర రెట్లు ప్రేమ చూపిస్తోందని ఎవరూ అనరు కదా. ఫిజీలో బయటి దీవుల బడులు చాలామటుకు అలాంటి చిన్న బడులే, పైగా అక్కడ పనిచేసే టీచర్లకు మారుమూల భత్యం అదనం. వీలైతే ఫిజీ అంకెను ప్రధాన దీవులు, బయటి దీవులు అని రెండుగా చూపండి. మారిషస్‌తో న్యాయంగా పోల్చదగ్గది మొదటిదే.

కరెన్సీ గురించి రెండు మాటలు. అమెరికా డాలరుకు మారిషస్ రూపాయలు 45 చుట్టుపక్కల, ఫిజీ డాలర్లు 2.2 చుట్టుపక్కల. బజారు రేటుతో మార్చి పోలిస్తే తలసరి ఆదాయం రెండింతలున్న మారిషస్ ఎలాగూ ముందుంటుంది, అందులో కొత్త విషయం లేదు. కొనుగోలు శక్తి సమానతతో (రెండు దేశాల ధరల తేడాను సరిచేసే మారకం రేటు) మార్చినవి ఒక నిలువు వరుస, తలసరి జీడీపీలో శాతం ఒకటి పెట్టండి. బజారు రేటు వరుస అసలు వద్దు. ధరల సవరణ చేసేటప్పుడు మారిషస్‌లో కొన్నేళ్లకోసారి వచ్చే పే రిసెర్చ్ బ్యూరో సిఫార్సులు గుర్తుంచుకోండి. మన పీఆర్సీ అమలైన ఏడాది విద్య పద్దు ఎగిరినట్టే అక్కడా ఎగురుతుంది.

అంచనా, సవరించిన అంచనా, వాస్తవం, ఈ మూడింటిలో వాస్తవ ఖర్చునే వాడండి. రెండేళ్లు పాతదైనా పరవాలేదు. ఎక్సెల్‌లో ప్రతి అంకె పక్కన ఏ పుస్తకం, ఏ పేజీ, ఏ తరగతులు, ఏ నెలలు అని నాలుగు గడులు ఉంచుకోండి. వైవాలో అడిగేది అవే. యునెస్కో పట్టికలో ఫిజీకి ఖాళీ గడులు చాలా ఉంటాయి. 'దొరికిన తాజా సంవత్సరం' అన్న బటన్ నొక్కితే ఒక దేశానికి పాత అంకె, ఇంకో దేశానికి కొత్తది పక్కపక్కన వచ్చి కూర్చుంటాయి, ఆ బటన్ ముట్టుకోకండి.

చివరి పట్టిక తయారయ్యాక ఒక పరీక్ష పెట్టండి. పింఛను వేసి, తీసి. 7, 8 తరగతులు కలిపి, విడదీసి. బదిలీలు చేర్చి, వదిలేసి మళ్లీ లెక్కించండి. ఈ మార్పులతో ఒక దేశం అంకె 14నుంచి 17 శాతం దాకా ఊగుతూ, రెండో దేశం 15నుంచి 16 మధ్య ఉంటే, ఎవరు ఎక్కువో మీ దగ్గరున్న లెక్క చెప్పడం లేదని అర్థం. అప్పుడు 'రెండూ దాదాపు సమానం, మారిషస్‌లో చిన్న తరగతులు, ఫిజీలో చిన్న బడులు కారణం' అని రాయండి.